నలుబది కాపురములు – నాలుగు దిక్కుల కిటికీలు

వెనుకటి కాలమున ఇల్లు కట్టించుకొనువానికి కిటికీ ఎక్కడ పెట్టవలెనో ఒకరు చెప్పవలసిన అగత్యము లేకుండెను. ఏ వైపునుండి గాలి వీచునో, ఏ వైపునుండి వానజల్లు కొట్టునో, ఏ గదిలో తల్లిగారు మధ్యాహ్నపువేళ నడుము వాల్తురో అతనికి తెలియును. వడ్రంగి వచ్చి ఇంటి ముంగిటనే కూర్చుండి, టేకు చట్రమునకు క్రింద రెండు, మీద రెండు, మొత్తము నాలుగు రెక్కలు అమర్చి, నడుమ ఇనుప ఊచలు దించి పోయెడివాడు. క్రింది రెక్కలు మూసి మీది రెక్కలు తెరచినచో వీథిలోనివారి చూపు లోనికి రాదు. గాలి మాత్రము వచ్చును. వానకాలమున రెక్క ఉబ్బి బిగుసుకొనెడిది. వేసవిలో ఎండి సందులిచ్చెడిది. ఆ లోపములు ఉన్నను ఒక్క మేలు కలదు. కిటికీని ఎంచినవాడే దాని వెనుక కాపురముండెడివాడు.

నేడు మన నగరములలో పరిస్థితి అది కాదు. ఒక్క కప్పు క్రింద నలుబది, నూరు, ఐదువందల కుటుంబములు నివసించు భవనములు లేచుచున్నవి. అట్టిచోట కిటికీని ఎంచువారొకరు, బిగించువారొకరు, దాని వెనుక ముప్పది ఏండ్లు బ్రతుకువారు వేరొకరు. ఎంపికలో జరిగిన పొరపాటు ఒక గదితో పోదు. నూరు గదులలో నూరుసార్లు అచ్చుపడును. అందుచేత ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది పుస్తకములలో చదివిన సంగతి మాత్రమే కాదు. మా అన్నగారి ఇంట కన్నులార చూచినది కూడ.

మా అన్నగారు ఉద్యోగ విరమణకు ముందే హైదరాబాదులో ఐదంతస్తుల భవనమున, మూడవ అంతస్తులో, పడమటి వాటా కొనిరి. అంతస్తునకు ఎనిమిది చొప్పున మొత్తము నలుబది కాపురములు. కట్టినవారు అందము కొరకో, బేరము కొరకో నాలుగు వైపులను ఒకే తీరు కిటికీ పెట్టిరి. పలుచని అల్యూమినియము చట్రము, ప్రక్కకు జరుపు రెండు రెక్కలు, తెల్లని గాజు, దానిపైన మూరెడు సన్‌షేడు. ఉత్తరపు వాటాలవారికి ఆ కిటికీతో ఏ చిక్కును లేకపోయెను. మా వదినగారు మాత్రము ఏటేట శివరాత్రి వెళ్ళినంతనే తమ మంచమును పడకగదినుండి హాలులోనికి మార్పించుకొనెడివారు. వానకాలమున అదే కిటికీ పట్టాలలో నీరు నిండి పరుపు తడిసెడిది. పండ్రెండేండ్లకు చక్రములు అరిగి, గడియలు ఊడి, ఇక కిటికీలన్నియు మార్చక తప్పదని సంఘమువారు సమావేశమైరి. రేడియోలో పనిచేయువాడు నలుగురిని అడిగి నిజానిజములు కనుగొనగలడని అన్నగారు నన్ను కూడ రమ్మనిరి.

ఆ సమావేశమున గంటసేపు రంగును గూర్చి చర్చ జరిగినది. తెలుపా, గోధుమయా, టేకు చెక్కవలె కనిపించు రంగా? తరువాత గంటసేపు ధరను గూర్చి మాటలు సాగినవి. అంతవరకు మౌనముగా ఉన్న మా వదినగారు లేచి, “రంగు సంగతి ఇంతసేపు మాట్లాడారు. ఏ కిటికీ ఏ దిక్కున ఉందో ఒక్కరూ అడగలేదేమండీ?” అనిరి. సభలో ఎవరును మాటాడలేదు. నేటి నా ప్రసంగమునకు మూలము ఆ ఒక్క ప్రశ్నయే.

మొదట ఎండ సంగతి చూతము. మార్చి, సెప్టెంబరు మాసములలో పగలును రాత్రియు సమానముగా ఉండు దినములలో, హైదరాబాదున మధ్యాహ్న సూర్యుడు 72, 73 డిగ్రీల ఎత్తున, కొంచెము దక్షిణమునకు ఒరిగి ఉండును. అప్పుడు దక్షిణపు కిటికీపై 45 సెంటీమీటర్ల సన్‌షేడు, అనగా మూరెడు, ఉన్నచో దాని నీడ దాదాపు 140 సెంటీమీటర్ల క్రిందివరకు పడును. అనగా కిటికీ అంతయు నీడలోనే ఉండును. అదే దినమున సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున సూర్యుడు పడమట 29 డిగ్రీల ఎత్తునకు దిగివచ్చును. పడమటి కిటికీపై అదే మూరెడు సన్‌షేడు ఇచ్చు నీడ 25 సెంటీమీటర్లు మాత్రమే. మూరెడు సన్‌షేడునకు జానెడు నీడ! మిగిలిన కిటికీ అంతయు ఎదురెండలో కాగుచుండును. ఒకే కిటికీ, ఒకే సన్‌షేడు, దిక్కు మారినంతనే ఒకచోట గొడుగు, ఇంకొకచోట అలంకారము.

ఆ ఎండ లోనికి తెచ్చు వేడి ఎంతయో కూడ లెక్కించవచ్చును. వేసవి సాయంకాలము పడమటి గోడపై చదరపు మీటరునకు 600 వాట్ల ఎండ పడుననుకొందము. సామాన్యమైన తెల్లగాజు తనపై పడిన ఎండవేడిలో ఐదింట నాలుగు పాళ్ళు లోనికి విడుచును. మీటరున్నర వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తు గల కిటికీనుండి వచ్చు వేడి ఎనిమిదివందల వాట్లకు పైమాట. అనగా గదిలో ఒక ఇస్త్రీపెట్టెను వేడిచేసి, సాయంకాలమంతయు మూలను పెట్టి మరచినట్లు. లోపల తెర వేసినచో కన్నులకు హాయియే గాని, వేడి అప్పటికే గాజు దాటి గదిలో ప్రవేశించియున్నది. ఎండను గాజునకు వెలుపలనే ఆపవలెను. పడమటి కిటికీకి నిలువు పలకలుగాని, వెలుపలి జల్లెడగాని, మూయుటకు తెరచుటకు వీలైన వెలుపలి రెక్కలుగాని కావలెను. దక్షిణమునకు సన్‌షేడు చాలును. ఉత్తరమునకు ఆపాటి అవసరము కూడ స్వల్పము. తూర్పు ఎండయు ఏటవాలుగానే వచ్చును గాని, రాత్రి చల్లబడిన గోడపై పడుటచేత దాని బాధ కొంత తక్కువ.

వెలుపలి నీడకు వీలు లేనిచోట ఎండవేడిని ఆపు పూతగల గాజును వాడవచ్చును. మేలురకపు పూతగాజు వేడిలో మూడవ పాలునుగాని, అంతకంటె తక్కువగాని లోనికి విడుచును. అయితే కొన్ని గాజులు వేడితోపాటు వెలుతురును కూడ మింగివేయును. పట్టపగలు దీపము వెలిగించుకొను గది ఎవరికి కావలెను? కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వ శాఖ 2018 డిసెంబరులో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ ఈ రెండు కోణములను గుర్తించినది. 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలమున కట్టు నివాస భవనములకొరకు ఆ సంహిత గోడలు, కిటికీలు కలిసి లోనికి తెచ్చు వేడి సగటున చదరపు మీటరునకు 15 వాట్లకు మించరాదని మన వాతావరణములకు హద్దు చెప్పినది. కిటికీల వైశాల్యము గోడలో నూటికి 30 పాళ్ళవరకు ఉన్నపుడు గాజు వెలుతురులో నూటికి 27 పాళ్ళకు తక్కువ కాకుండ విడువవలెనని కూడ చెప్పినది. గాజు కొనునపుడు ఈ రెండు సంఖ్యలను, ఎండవేడి ఎంత విడుచును, వెలుతురు ఎంత విడుచును అని, వ్రాతమూలముగా అడుగవలెను.

రెండు గాజుల నడుమ గాలి బిగించిన కిటికీని గూర్చి నేడు విశేషముగా చెప్పుచున్నారు. రాత్రింబగళ్ళు ఏ.సి. నడచు గదికి అది ఉపకరించును. కాని సాయంకాలము కిటికీ తెరచి గాలి పీల్చుకొను ఇంట దాని ప్రయోజనము కొద్దియే. తెల్లగాజులు రెండున్నను సూటియెండలో అధికభాగము లోనికి వచ్చుచునే ఉండును. ఆ ధనముతో వెలుపలి నీడ అమర్చుకొనుట మేలు.

ఇక గాలి సంగతి. ప్రక్కకు జరుపు రెక్కలు రెండున్న కిటికీని ఎంత తెరచినను సగమే తెరచుకొనును. ఒక రెక్క రెండవదాని వెనుక నిలిచిపోవును గదా. ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీ ఇరువది చదరపు అడుగులని మురిసిపోవుదుము. గాలికి దొరకునది పది చదరపు అడుగులు. మడతబందులపై తలుపువలె తెరచుకొను రెక్కలైనచో దాదాపు కిటికీ అంతయు గాలికి విడుచును. పైన చెప్పిన సంహిత ఇంటి నేల వైశాల్యములో తెరచుకొను భాగము ఎంత ఉండవలెనో కూడ చెప్పినది. హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణమున నూటికి పండ్రెండున్నర పాళ్ళు; విశాఖపట్నము, విజయవాడ వంటి ఉక్క ప్రదేశములలో ఆరవ పాలు. అనగా ఎనిమిదివందల చదరపు అడుగుల ఇంటికి హైదరాబాదులో నూరు చదరపు అడుగులు, విజయవాడలో నూటముప్పదిమూడు. బాల్కనీ తలుపులు కూడ ఇందు చేరును. మీ ఇంటి కిటికీలను ఒకసారి కొలిచి చూచుకొనవచ్చును. కొలుచునపుడు జరుపు రెక్కల కిటికీని సగముగానే లెక్కించవలెను.

అయితే జరుపు రెక్కలను పూర్తిగా త్రోసివేయుట కూడ న్యాయము కాదు. మన ఇండ్లకు గ్రిల్లు కావలెను, దోమల వల కావలెను. వెలుపల గ్రిల్లు ఉన్నచో వెలుపలికి తెరచు రెక్క తెరచుకొనదు. గ్రిల్లును, వలను లోపలికి తేవలెను. అప్పుడు రెక్కను తెరచుటకు ముందు వలను తీయవలసివచ్చును. ఎత్తైన అంతస్తులలో గాలికి రెక్క కొట్టుకొనకుండ దానిని పట్టి ఉంచు బందులు బలముగా ఉండవలెను. జరుపు రెక్కలకు ఈ చిక్కులు లేవు. బాల్కనీ ద్వారమునకు, ఇరుకైన వరండాకు అవియే తగినవి. పడకగదికి, వంటగదికి తెరచు రెక్కలు మేలు. ఒకే భవనములో, ఒకే ఇంటిలో కూడ రెండు విధములును ఉండవచ్చును. రంగును కొలతలను ఏకముగా ఉంచినచో వెలుపలినుండి చూచువారికి భేదము తెలియదు.

మూడవది గాలివాన. భవనములపై గాలి ఒత్తిడిని లెక్కించుటకు మన దేశపు ప్రమాణములలో ప్రతి ప్రాంతమునకు ఒక గాలి వేగము నిర్ణయింపబడియున్నది. హైదరాబాదునకు సెకనుకు 44 మీటర్లు. విశాఖపట్నమునకు, విజయవాడకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. వేగము యొక్క వర్గమును 0.6 తో గుణించినచో చదరపు మీటరుపై ఒత్తిడి న్యూటనులలో వచ్చును. ఆ లెక్కన విశాఖలో 1500 న్యూటనులు. నేను ఇంతకు ముందు చెప్పిన కొలతగల కిటికీపై అది 275 కిలోల బరువు. అనగా నలుగురు పెద్దవారు కిటికీకి ఆనుకొని త్రోసినట్లు. ఇది నేలకు పది మీటర్ల ఎత్తున, ఆరుబయట సంగతి. ముప్పది మీటర్ల ఎత్తున ఈ ఒత్తిడి పాతికపాలు పెరుగును. నూరు మీటర్ల ఎత్తున సుమారు ఒకటిన్నర రెట్లగును. కనుక రెండవ అంతస్తు కిటికీకి చాలిన గాజు ముప్పదవ అంతస్తు కిటికీకి చాలకపోవచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు ఎన్నో భవనముల గాజులు పగిలిపోయినవి. ఒక్క కిటికీ పగిలినచో గాలి లోనికి చొరబడి, తక్కిన తలుపులను కిటికీలను లోపలినుండి వెలుపలికి త్రోయును. అందుచేత బలహీనమైన ఒక్క కిటికీ ఇంటికంతకును ప్రమాదము.

గాలితోపాటు వచ్చు నీటిని గూర్చి ఒక చిన్న లెక్క చెప్పెదను. జరుపు రెక్కల క్రింది పట్టాలలో చేరిన నీరు వెలుపలికి పోవుటకు చిన్న రంధ్రములుండును. కాని గాలి ఆ రంధ్రములలో ఎదురు త్రోయుచుండును. గంటకు 80 కిలోమీటర్ల గాలి 3 సెంటీమీటర్ల ఎత్తు నీటిని పట్టాలలోనే నిలిపి ఉంచగలదు. పట్టాల లోపలి అంచు ఎత్తు 2 సెంటీమీటర్లే అయినచో నీరు పరుపుమీదికి పొర్లక ఏమి చేయును? మా వదినగారు పండ్రెండేండ్లు పాతగుడ్డలు కుక్కుచు, రంధ్రములు శుభ్రము చేయలేదని తమ్ము తామే నిందించుకొనిరి. తప్పు వారిది కాదు. అది పట్టాల లోపలి అంచు చేసిన తప్పు.

చట్రము దేనితో చేసినదై ఉండవలెను? కొందరు అల్యూమినియమని, కొందరు యు.పి.వి.సి. అని, కొందరు నేటికిని టేకు అని వాదింతురు. అల్యూమినియము యు.పి.వి.సి. కన్న దాదాపు వేయిరెట్లు సులభముగా వేడిని ప్రసరింపజేయునన్నది నిజమే. కాని చట్రము కిటికీలో కొద్ది భాగము. ఎండవేడిలో పెద్దపాలు గాజునుండియే వచ్చును. అల్యూమినియము సన్నగా ఉండియు బలము కలది; పెద్ద కిటికీలకు, ఎత్తైన అంతస్తులకు తగినది. యు.పి.వి.సి.కి తుప్పు లేదు, రెక్కలు బిగుతుగా మూసికొనును. కాని దాని లోపల ఉక్కు బద్దలు అమర్చనిచో ఎండకు, గాలికి వంగిపోవును. ఉక్కు ఉన్నదో లేదో ఒక ముక్క కోయించి చూడవలెను. టేకు అందమైనది, మన్నికైనది. కాని నాలుగేండ్లకొకసారి రంగు వేయువారెవరు? పదవ అంతస్తు వెలుపల నిలుచువారెవరు? సముద్రతీరమున చట్రముకంటె ముందు మరలు, మడతబందులు, చక్రములు తుప్పుపట్టును. అట్టిచోట 316 రకపు స్టెయిన్‌లెస్ ఉక్కును కోరవలెను. అరిగిన చక్రము, విరిగిన గడియ పదేండ్ల తరువాత దొరకునా అన్న ప్రశ్న రంగు ప్రశ్నకంటె ముఖ్యము.

శబ్దమును గూర్చి నా వృత్తిరీత్యా ఒక మాట. మా స్టూడియోలో మాటాడువారి గదికిని, యంత్రములున్న గదికిని నడుమ గాజు కిటికీ ఉండును. అందు రెండు గాజులు. రెండును ఒకే మందము కావు. ఒకటి కొంచెము వాలి ఉండును. నడుమ జానెడు ఎడము ఉండును. అంచుల చుట్టును రబ్బరు బిగించి వెంట్రుకంత సందు లేకుండ చేయుదురు. ఆ చివరి పని సరిగా లేనిచో ముందు చేసినదంతయు వ్యర్థము. ఇంటి కిటికీకిని ఇదే సూత్రము. గాజు ఎంత మందమైనను, అంచున సందున్నచో వీథి రొద ఆ సందునుండియే వచ్చును. జరుపు రెక్కలకు అంచున కుచ్చు మాత్రమే ఉండును. తెరచు రెక్కలు రబ్బరు పట్టీపై ఒత్తుకొని మూసికొనును. బస్సుల బాటపై ఇల్లున్నవారు గాజు మందమునకు ముందు ఈ పట్టీని తడిమి చూడవలెను.

ప్రాణరక్షణను మరువరాదు. గట్టిపరచిన గాజు పగిలినపుడు కత్తులవంటి పెంకులు కాక మొద్దుబారిన చిన్న ముక్కలగును. నడుమ పొర అంటించిన గాజు పగిలినను చట్రమును విడువదు. ఎత్తైన అంతస్తులలో క్రింద నడచువారి తలలకు ఇది రక్ష. పిల్లలున్న ఇంట కిటికీ క్రింద మంచముగాని, పెట్టెగాని ఉండరాదు; అది వారికి నిచ్చెన. గ్రిల్లు కావలసినదే. కాని నిప్పు అంటుకొన్ననాడు అన్ని కిటికీలకును కదలని గ్రిల్లు ఉన్నచో ఇల్లు పంజరమగును. ప్రతి ఇంట కనీసము ఒక కిటికీ గ్రిల్లు లోపలినుండి, తాళపుచెవితో పని లేకుండ, తెరచుకొనునట్లు ఉండవలెను. కిటికీ వెలుపలి గాజును గదిలోనుండి తుడుచుకొనుటకు వీలున్నదా అన్నదియు రక్షణ ప్రశ్నయే.

ఇన్ని విషయములు విన్న తరువాత మా అన్నగారి సంఘమువారు ఒక మంచి పని చేసిరి. నలుబది ఇండ్లకు ఒక్కసారి బేరమాడక, నాల్గవ అంతస్తు పడమటి గదిలో ఒక్క కిటికీని మాత్రము ముందుగా బిగింపజేసిరి. ఒక ఆదివారము ఉదయము మేడపైనుండి రబ్బరు గొట్టముతో ఆ కిటికీపై నీరు కొట్టించిరి. పది నిమిషములకు లోపలి గోడపై కిటికీ క్రింద తడి కనిపించినది. అందరును కిటికీని నిందించిరి. మేస్త్రీ గోడను తట్టి చూచి, “కిటికీది కాదండీ, మాదే” అనెను. నీరు చట్రములోనుండి రాలేదు; చట్రమునకు గోడకు నడుమ సరిగా పూడ్చని సందునుండి వచ్చినది. వెలుపలి గట్టునకు వాలు కూడ లోనికే ఉండెను. గట్టును వెలుపలికి వాల్చి, సందును పూడ్చి, సిలికాను పట్టించి మరల నీరు కొట్టించిరి. ఈసారి అరగంటకును తడి రాలేదు. ఆ ఒక్క ఆదివారము తప్పినచో ఆ సందు నలుబది ఇండ్లలోను ఉండెడిది. కొత్తగా ఇల్లు కొనువారు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము, ఇల్లు స్వాధీనపరచిన తేదీనుండి ఐదేండ్లలోపల పనితనమున లోపము కనిపించి తెలియజేసినచో, ముప్పది దినములలో ఉచితముగా సరిచేయవలసిన బాధ్యత నిర్మాతది. కనుక మొదటి వానకాలముననే చూచి, వ్రాతపూర్వకముగా తెలుపుట మంచిది.

ఇక చివరి చిక్కు మిగిలినది, అది ధనము. పడమటి ఇండ్లకు వెలుపలి నీడపలకలు కావలెను. వాటికి ఖర్చు ఎక్కువ. ఉత్తరపు వాటా పెద్దమనిషి ఒకరు, “మాకు ఎండ రాదు. ఆ ఖర్చులో మాకు భాగమెందుకు?” అనిరి. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. అప్పుడు క్రింది అంతస్తునుండి వచ్చిన వృద్ధులొకరు నెమ్మదిగా, “పోయిన ఏడు మేడమీద కప్పు కారితే బాగుచేయించాము. నా ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. డబ్బు నేనూ ఇచ్చాను. కప్పు ఎలా అందరిదో గోడ కూడా అలాగే అందరిదే కదా బాబూ” అనిరి. దానికి బదులు రాలేదు. కిటికీ ఖర్చు ఇంటింటికి కిటికీల లెక్కన, నీడపలకల ఖర్చు అందరి నిధినుండి అని తీర్మానమైనది. ఉత్తరపు వాటావారు కొంత సణిగిరిగాని సంతకము చేసిరి.

పలు కుటుంబములున్న భవనమున కిటికీని ఎంచుటలోని రహస్యమంతయు ఇంతేనని నాకు తోచును. కిటికీ దిక్కునకు, అంతస్తునకు తగినట్లు వేరువేరుగా ఉండవలెను. బాధ్యత మాత్రము అందరికిని ఒక్కటిగా ఉండవలెను. మనము తరచుగా దీనికి విపర్యముగా చేయుదుము. కిటికీలను ఒక్కటిగా పెట్టించి, బాధలను ఎవరివి వారికి వదలివేయుదుము.

ఆ తరువాతి వేసవిలో నేను అన్నగారి ఇంటికి పోయితిని. నీడపలకలు వాలియున్నవి, తెరచు రెక్కలు రెండును పూర్తిగా తెరచియున్నవి. పడమటి గది చల్లగా ఉన్నదని చెప్పజాలను. వైశాఖమాసపు హైదరాబాదు కదా. సాయంకాలము ఐదింటివరకు కొంత వెచ్చగానే ఉండెను. కాని శివరాత్రి వెళ్ళి రెండు నెలలైనను మా వదినగారి మంచము తన గదిలోనే ఉన్నది.